హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు?

మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఖమ్మంలో ఉన్న మీ అమ్మగారు, నాన్నగారు మొదటిసారి డాలస్ వస్తున్నారు. వచ్చే వేసవికి టికెట్లు చూస్తున్నారు. దూరం ఒకచోట 14,400 అని, ఇంకోచోట 8,950 అని, మరోచోట 7,780 అని కనబడింది. ప్రయాణం 17 గంటలని ఒక సైటు చెబుతోంది. దుబాయ్ మీదుగా ఉన్న టికెట్లో మాత్రం తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో ఎక్కి, అదే తేదీ సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతారని ఉంది. అంటే 12 గంటలేనా? ఏజెంటు 22 గంటల 40 నిమిషాలు అంటున్నాడు. తిరుగు టికెట్ చూస్తే 33 గంటల్లా కనిపిస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్, షికాగో మీదుగా ఇంకో టికెట్ కొంచెం చవకగా ఉంది. ఏది నమ్మాలి, ఏది కొనాలి?

నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో 28 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఏ విమానం ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఇంధనం నింపాలి, ఎంతసేపట్లో చేరుతుంది అని లెక్క కట్టడమే నా పని. బేగంపేటలో మొదలుపెట్టాను, 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కి మారినప్పుడు నేనూ అక్కడికి మారాను. మా పెద్దమ్మాయి డాలస్ దగ్గర ఇర్వింగ్‌లోనే ఉంటుంది, కాబట్టి ఈ దారిలో మా ఆవిడతో కలిసి నాలుగుసార్లు ప్రయాణం చేశాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ మూడు అంకెలు. మూడూ ఒకటే దూరం. 14,400 అనేది కిలోమీటర్లలో, 8,950 మామూలు మైళ్ళలో, 7,780 నాటికల్ మైళ్ళలో. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఓడలకీ విమానాలకీ అదే వాడుక. చాలా సైట్లు అంకె వేసి పక్కన ఏ మైలో రాయవు, అందుకే ఈ గందరగోళం.

ఆ 14,400 కూడా భూగోళం మీద శంషాబాద్ దగ్గర దారం ఒక కొస, డాలస్ దగ్గర ఇంకో కొస పట్టుకుని బిగించి లాగితే వచ్చే పొడవు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒకసారి చేసి చూడండి. గోడమీది మ్యాపు చూసి మనం దారి అంటే అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ అనుకుంటాం. దారం అలా వెళ్ళదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిటారుగా ఉత్తరానికి బయలుదేరుతుంది. ఢిల్లీ దగ్గరగా పోయి, హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రంలోకి ప్రవేశిస్తుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్ళి, అటువైపు కెనడా మీదుగా కిందికి దిగి టెక్సస్ చేరుతుంది. కారణం ఏమిటంటే మన రేఖాంశం తూర్పున 78 డిగ్రీలు, డాలస్‌ది పడమరన 97. రెండూ కలిపితే 175. అంటే భూమికి మనం ఒక పక్కనుంటే డాలస్ దాదాపు సరిగ్గా అవతలి పక్కన ఉంది. ఇలాంటప్పుడు ధ్రువం మీదుగా వెళ్ళడమే దగ్గరి దారి.

మీరు చూసిన 17 గంటలు ఈ దారానిదే. ఆ సైట్లు చేసేది చాలా చిన్న లెక్క. దూరాన్ని గంటకి 850 కిలోమీటర్లతోనో ఇంకో స్థిరమైన వేగంతోనో భాగించి, పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలుపుతాయి. గాలి లేదు, దారి మళ్ళింపు లేదు, ట్రాన్సిట్ లేదు. పైగా ఆ దారిలో వెళ్ళే విమానమే లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా వెళ్ళే సర్వీసు నేనిది రాస్తున్న రోజుకి లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా మొదలుపెట్టింది, కొంతకాలానికి అది ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి వచ్చిన విమానాన్ని అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడుపుకుంటూ వచ్చారు. ఆ రోజు మా ఆఫీసులో అందరం స్క్రీన్ మీద ఆ చిన్న గుర్తు ధ్రువం దాటేదాకా చూస్తూ కూర్చున్నాం. కాబట్టి అంత దూరం ఎగరడం అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, ఈ రోజుకీ ఆగకుండా 18 గంటలకి పైగా ఎగురుతూనే ఉన్నారు. మన దగ్గర అలాంటి సర్వీసు నిలబడకపోవడానికి కారణాలు వేరు.

ఆ దారంలాంటి దారిలో నిజంగా విమానం పంపాలంటే ఎన్ని అడ్డంకులో చెబుతాను, ఎందుకంటే ఇదే నేను రోజూ చేసిన పని. హిమాలయాల మీద విమానం ఎగరలేక కాదు. లోపల గాలి ఒత్తిడి ఒక్కసారిగా పోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల ఎత్తుకి దించాలి, అప్పుడే ప్రయాణికులు మాస్కు లేకుండా ఊపిరి పీల్చగలరు. కింద 20,000 అడుగుల కొండలుంటే దించేది ఎక్కడికి? అందుకే అక్కడ ముందే తప్పించుకునే మార్గాలు గీసుకున్న కొన్ని దారుల్లోనే పంపిస్తారు. తరువాత రష్యా. 2022 ఫిబ్రవరి తరువాత అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాల సంస్థలకి రష్యా తన గగనతలం మూసేసింది. మన సంస్థలకీ గల్ఫ్ సంస్థలకీ ఆ నిషేధం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి తలుపు వేసింది, మనమూ వాళ్ళకి వేశాం. అప్పటినుంచి ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే మన విమానాలు గుజరాత్ వైపు దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. మ్యాపులో దూరం మారలేదు, గంటలు మారాయి.

ఇప్పుడు మీకు నిజంగా ఉన్న దారులు చూద్దాం. ఇక్కడ ఒక విషయం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,900. మొత్తం 15,450. లండన్ మీదుగా అయితే 7,750, ఆపైన 7,630, మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా 15,370 దగ్గరే తేలుతుంది. దోహా మీదుగా 15,650. చూశారా, ఏ ఊరు మీదుగా వెళ్ళినా నేరు దారి కంటే వెయ్యి కిలోమీటర్లు, పన్నెండు వందలు ఎక్కువ, అంతే. ఒకదానికీ ఒకదానికీ తేడా అంతా కలిపి మూడు వందల లోపు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. కాబట్టి 'దుబాయ్ దగ్గరా, లండన్ దగ్గరా' అని తల పట్టుకోనవసరం లేదు. మీ అమ్మానాన్నల ప్రయాణం ఎంత పొడవో తేల్చేది మధ్యలో ఎంతసేపు కూర్చోవాలి, ఎన్నిసార్లు దిగి ఎక్కాలి అన్నదే.

ఇక మీ టికెట్ లెక్క. విమాన టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారం రాస్తారు. హైదరాబాద్‌లో 4:20 అంటే మన టైము, డాలస్‌లో 4:30 అంటే డాలస్ టైము. రెండింటినీ నేరుగా తీసేయకూడదు. వేసవిలో డాలస్ మనకంటే 10న్నర గంటలు వెనక ఉంటుంది. చలికాలంలో 11న్నర. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. మన దగ్గర ఆ పద్ధతి లేదు, దుబాయ్‌లోనూ లేదు.

డాలస్ సాయంత్రం 4:30కి 10న్నర కలిపితే మన దగ్గర అర్ధరాత్రి దాటి, మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు. మనవాళ్ళు బయలుదేరింది క్రితం తెల్లవారుజామున 4:20కి. మధ్య 22 గంటల 40 నిమిషాలు. మీ ఏజెంటు చెప్పింది అక్షరాలా సరైనది. విడగొట్టి చూసినా అంతే వస్తుంది: దుబాయ్‌కి 3 గంటల 55 నిమిషాలు, అక్కడ 2 గంటల 45 నిమిషాలు ఆగడం, డాలస్‌కి 16 గంటలు.

తిరుగు ప్రయాణానికి ఇదే లెక్క తిరగేయాలి. డాలస్‌లో ఉదయం 11:30కి ఎక్కి మర్నాడు రాత్రి 8:25కి హైదరాబాద్‌లో దిగుతారని మీరు రాశారు. గడియారాలు చూస్తే 32 గంటల 55 నిమిషాలు. అందులోంచి 10న్నర తీసేస్తే 22 గంటల 25 నిమిషాలు. ప్రయాణం నిజానికి వచ్చేటప్పటికంటే పావుగంట తక్కువే, అదీ దుబాయ్‌లో నాలుగున్నర గంటలు ఆగినా కూడా.

ఎలా తగ్గిందంటారా? దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు పట్టే విమానం, డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుంది. దూరం అదే, విమానం అదే. దీనికి చాలామంది భూభ్రమణం కారణమనుకుంటారు. 'భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా, పడమటికి వెళ్తే ఊరే మనకు ఎదురొస్తుంది, త్వరగా చేరాలి కదా' అని మా బంధువుల్లో ఒకాయన నాతో గంటసేపు వాదించారు. భూమితోపాటు గాలీ తిరుగుతోంది, అందులో ఉన్న విమానమూ తిరుగుతోంది. నడుస్తున్న రైల్లో కూర్చుని రూపాయి బిళ్ళ పైకి ఎగరేస్తే మన చేతిలోనే పడుతుంది కానీ వెనక బోగీలో పడదు కదా.

అసలు కారణం గాలి. 30,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి నదులున్నాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో వాటి మధ్యలో గాలి వేగం గంటకి 300 కిలోమీటర్లు దాటిన రోజులు నేను చూశాను. విమానం గాలిలో గంటకి 900 కిలోమీటర్లు పోతుందనుకోండి. దారి పొడవునా సగటున 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలమీద లెక్కకి అది 850. అప్పుడు 12,900 కిలోమీటర్లకి 15 గంటల పైచిలుకు. అదే గాలి వెనక నుంచి తోస్తే 950, పదమూడున్నర గంటలు. రెండు వైపులా గేటుకీ రన్‌వేకీ మధ్య విమానం నేలమీద కదిలే సమయం, ఎక్కే దిగే సమయం కలుపుకుంటే మీ టికెట్ మీది అంకెలు వచ్చేస్తాయి. మీ నాన్నగారు సీటు ముందున్న స్క్రీన్ మీద తిరుగు ప్రయాణంలో వేగం గంటకి 1,000 దాటడం చూస్తే కంగారు పడొద్దని చెప్పండి. విమానం తన మామూలు వేగంతోనే పోతోంది, గాలి దాన్ని మోసుకొస్తోంది.

మా వృత్తిలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. ఒక్కో రాత్రి దగ్గరి దారిలో ఎదురుగాలి గట్టిగా ఉండేది. అప్పుడు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగే దారి గీసేవాళ్ళం. దూరం పెరిగేది, సమయం ఇరవై నిమిషాలు తగ్గేది. ఇంత పెద్ద విమానం గంటకి ఏడు టన్నుల దాకా ఇంధనం తాగుతుంది కాబట్టి ఇరవై నిమిషాలంటే రెండు టన్నుల పైన. అందుకే మీ టికెట్ మీద ఉన్న దారి అంటూ ఒకటి ఉండదు. దుబాయ్ నుంచి డాలస్‌కి దారం పట్టి చూస్తే ఇరాన్, రష్యా, స్కాండినేవియా మీదుగా ఐస్‌లాండ్ దగ్గర ఆర్కిటిక్ వృత్తం అంచుకి వెళ్ళి, గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా దిగుతుంది. ఏ రోజు దాన్నుంచి ఎంత పక్కకి జరుగుతారో ఆ రోజు గాలి, ఆ రోజు తెరిచి ఉన్న గగనతలం చెబుతాయి. 2025 జూన్ 23న ఖతర్ కొన్ని గంటలు తన ఆకాశం మూసేసినప్పుడు గాలిలో ఉన్న విమానాలు వెనక్కి తిరిగాయి, వేరే ఊళ్ళలో దిగాయి. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు రోజు, ఆ రోజు మధ్యాహ్నం, ఎయిర్‌లైన్స్ యాప్‌లో ఒకసారి చూసుకోవడం ఇప్పుడు తప్పనిసరి అనే నేను అంటాను.

ఇంకో చిన్న విషయం. టికెట్ మీద రాసే సమయం గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరేదాకా. దాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. అందులో రన్‌వే దగ్గర క్యూలో నిలబడే సమయం, కొంచెం ముందుజాగ్రత్త కూడా కలిపి ఉంటాయి. డాలస్ విమానాశ్రయం 17,000 ఎకరాల పైన ఉంటుంది, మన శంషాబాద్‌కి మూడింతలు. చక్రాలు నేలని తాకాక కూడా గేటు చేరడానికి పదిహేను నిమిషాలు పట్టడం మామూలే. 'దిగేశాం' అని నాన్నగారు ఫోన్ చేసిన వెంటనే మీరు బయట వెతుక్కోకండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే మాట. తేదీ. తెల్లవారుజామున 4:20 విమానం 15వ తేదీది అంటే, ఇంట్లోంచి బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. ఇది చిన్న పిల్లాడికీ తెలుసు అనుకుంటాం. కానీ మన పెద్దవాళ్ళకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. పంచాంగంలో తెల్లవారుజాము నాలుగు అంటే ఇంకా నిన్నటి వారమే. మా పక్కింటివాళ్ళు, చదువుకున్నవాళ్ళే, 15వ తేదీ టికెట్ పెట్టుకుని 15వ తేదీ రాత్రి పదకొండింటికి పెట్టెలతో శంషాబాద్ వెళ్ళారు. విమానం వెళ్ళిపోయి పంతొమ్మిది గంటలైంది. కౌంటర్ దగ్గర ఆ ఇద్దరి ముఖాలు నేను మరచిపోలేను. అందుకే ఎవరికి చెప్పినా 'పదిహేనో తేదీ విమానం' అనకండి. 'పద్నాలుగు మంగళవారం రాత్రి భోజనం ఇంట్లో చేసి బయలుదేరాలి' అని చెప్పండి, ఏ వారమైతే ఆ వారం. క్యాలెండర్ మీద ఆ గడిలోనే రాయించండి.

వర్జ్యం, రాహుకాలం చూసే ఇల్లయితే టికెట్ టైము మీద పట్టుబట్టకుండా ఇంటి గడప దాటే సమయం చూసుకోమనండి. అది కూడా కుదరకపోతే ప్రస్థానం పెట్టే పద్ధతి ఉంది కదా, మంచి గడియలో ఒక సంచీ పక్కింట్లో పెట్టి తరువాత తీసుకుని వెళ్ళడం. మా అమ్మ ప్రతిసారీ అలాగే చేయించేది. పెద్దవాళ్ళ మనసు కుదుటపడితే ప్రయాణం సగం తేలికవుతుంది.

ఇంటి నుంచి ఇంటికి లెక్క కూడా వేద్దాం, ఎందుకంటే వాళ్ళ ఒంటికి తెలిసేది అదే. ఖమ్మం నుంచి శంషాబాద్ సుమారు 200 కిలోమీటర్లు, నాలుగు నుంచి నాలుగున్నర గంటలు. రాత్రి 8కి బయలుదేరితే పన్నెండున్నరకి చేరతారు. విమానం నాలుగు గంటల ముందు అన్నమాట, అది సరిపోతుంది. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్‌కి గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మీ ఇల్లు చేరడానికి ఓ నలభై నిమిషాలు. అన్నీ కలిపితే గడప దాటిన దగ్గర్నుంచి మీ ఇంట్లో మంచం మీద వాలేదాకా దాదాపు 33 గంటలు. అందులో గాలిలో ఉండేది 20 గంటలే. ఆ రోజు తేదీ కూడా వాళ్ళకి అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రిదాకా 24 కాదు, 34న్నర గంటలు నడుస్తుంది.

ఈ 34న్నర గంటల విషయం షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి చాలా ముఖ్యం. 'రాత్రి మాత్ర' అని ఉంటే ఏ రాత్రి? వాళ్ళ డాక్టరు దగ్గరికి టికెట్ కాగితం పట్టుకెళ్ళి, గంటల లెక్కన ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రాయించుకోమనండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళైతే అది రాయించకుండా విమానం ఎక్కనివ్వకండి. మందులన్నీ చేతి సంచీలోనే ఉండాలి, ప్రిస్క్రిప్షన్‌తో సహా. పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యమైనా మందు ఆలస్యం కాకూడదు. 16 గంటల విమానంలో రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు నడవాలి, నీళ్ళు తాగుతుండాలి. బాత్రూముకి లేవాల్సి వస్తుందని మన ఆడవాళ్ళు నీళ్ళు మానేస్తారు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం అక్కడే. అమ్మగారికి నడవా పక్క సీటు ఇప్పించండి, ఎవరినీ లేపక్కర్లేకుండా లేవగలుగుతారు.

ఏ టికెట్ కొనాలి అన్నదానికి నా జవాబు: దుబాయ్ మీదుగా ఉన్నది. చవక టికెట్ వద్దంటున్నది ఫ్రాంక్‌ఫర్ట్ వల్ల కాదు, షికాగో వల్ల. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. షికాగోలో దిగి, వేలిముద్రలు ఇచ్చి, పెట్టెలు బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించి, ఇంకో టెర్మినల్‌కి వెళ్ళి, సెక్యూరిటీ మళ్ళీ దాటి డాలస్ విమానం పట్టుకోవాలి. ఇంగ్లిషు అలవాటు లేని మొదటిసారి ప్రయాణికులకి, ఇరవై గంటల పైన ప్రయాణం చేసి నిద్రలేకుండా ఉన్నవాళ్ళకి, అది చాలా కష్టం. ఇమిగ్రేషన్ క్యూ పొడుగ్గా ఉంటే ఆ విమానం తప్పిపోతుంది. మీరు అక్కడ ఉండరు. అదే దుబాయ్ దారిలో వాళ్ళు దిగేది నేరుగా డాలస్‌లో. ఎంత ఆలస్యమైనా తలుపు బయట మీరుంటారు. యూరప్ దారిలో ట్రాన్సిట్ వీసా నియమాలు కూడా చూసుకోవాలి, టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్స్‌ని అడగాలి.

అయితే దుబాయ్‌లో 2 గంటల 45 నిమిషాలు కొంచెం బిగుతు. కాగితం మీద బాగానే ఉంటుంది. విమానం గేటు చేరి, అందరూ దిగాక వీల్‌చెయిర్ వచ్చేసరికి ముప్పావు గంట పోతుంది. ట్రాన్సిట్‌లో మళ్ళీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది. అమెరికా విమానాల బోర్డింగ్ గంటకి పైగా ముందే మొదలుపెడతారు. అంటే చేతిలో మిగిలేది గంట కూడా కాదు. అదే రోజుల్లో మూడున్నర, నాలుగు గంటలు ఆగేది దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా అది తీసుకోండి. దొరక్కపోతే ఇదే తీసుకోండి, రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే మొదటిది ఆలస్యమైనా తరువాతి విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. విడివిడిగా రెండు టికెట్లు కలిపి చవకగా ఇస్తామని ఎవరన్నా వినకండి, అప్పుడు ఆ బాధ్యత ఎవరిదీ కాదు.

వీల్‌చెయిర్ ఇద్దరికీ అడగండి, టికెట్ కొన్నప్పుడే. నాన్నగారు 'నాకెందుకు, నేను నడవగలను' అంటారు, మా నాన్నా అలాగే అన్నారు. వీల్‌చెయిర్ కాళ్ళకోసమే కాదు, దారి చూపించే మనిషి కోసం. ఆవకాయ జాడీ చేతి సంచీలో పెట్టొద్దని అమ్మగారికి ముందే చెప్పండి, సెక్యూరిటీలో తీసేస్తే ఆవిడ దారంతా బాధపడతారు. పెద్ద పెట్టెలో పెట్టుకుని, డాలస్‌లో తినేవి ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పాలి.

చివరగా ఒక కాగితం తయారుచేసి వాట్సాప్‌లో కాదు, ప్రింటు తీయించి ఇద్దరికీ ఇవ్వండి. ప్రతి సమయం పక్కనా అది ఏ ఊరి టైమో, మన ఇండియా టైములో ఎంతో తెలుగులో రాయండి. 'దుబాయ్‌లో దిగేది అక్కడి టైము ఉదయం 6:45, మన టైము 8:15. డాలస్ విమానం అక్కడి టైము 9:30, మన టైము 11:00' ఇలా. ఫోన్ తనంతట తానే టైము మార్చేస్తుంది, కానీ నాన్నగారి చేతి గడియారం డాలస్ ఇల్లు చేరేదాకా ఇండియా టైములోనే ఉంచమనండి. మాత్రలు, భోజనం, ఇంకా ఎంతసేపు అన్నవన్నీ ఆ గడియారం చూసి లెక్కపెట్టుకోవచ్చు. మొదటిసారి మేం వెళ్ళినప్పుడు మా ఆవిడ గడియారం దుబాయ్‌లో మార్చేసుకుంది, ఆ తరువాత పదహారు గంటలూ 'ఇప్పుడు ఇంట్లో ఎంతైంది' అని అడుగుతూనే ఉంది.

మూడున్నర గంటలు ఆగే టికెట్ ఏదైనా కనిపిస్తే సమయాలు ఇక్కడ రాయండి. లెక్క వేసి చెబుతాను.